ముందుపన్ను నిలిచిన శనివారం

చిప్పలోని కొబ్బరిని పంటితో లాగి తినడం మా ఇంటిల్లిపాదికీ అలవాటు. అలా ప్రసాదం కాయ తింటూనే నా ముందుపన్ను బీటవారింది. కొన్నాళ్లకు చిగురు వాచి, మెతుకు తగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది.

పన్ను తీసేస్తారేమోనని నా దిగులు. చిన్నప్పుడు నేను బడికి వెళ్లలేదు. నాలుక పంటికి ఎక్కడ తగలాలో చూపిస్తూ నాన్నగారే ఇంట్లో అక్షరాలు పలికించారు. ఏకాదశినాడు మా వీధి ఆడవాళ్ల పారాయణలో ముందు నేను చెబితే, మిగతావాళ్లు అందుకుంటారు. ముందుపన్ను లేకపోతే మాటలో గాలి పోదూ!

మామిడికుదురులో బస్సెక్కి, తోడికోడలిని తోడు తీసుకుని అమలాపురం వెళ్లాను. అక్కడి పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూశారు.

"వేరు గట్టిగానే ఉందండీ. లోపల పాడైన నరం తీసి శుభ్రం చేస్తే పన్ను నిలబడుతుంది. పొద్దున్న ఏం తిన్నారు?"

"శనివారం కదండీ, ఉపవాసం."

"ఖాళీ కడుపుతో మత్తు సూది వేస్తే కళ్లు తిరుగుతాయండీ. ఏదన్నా తినేసి రండి."

నేను కదల్లేదు. తోడికోడలు ఊరుకుంటుందా!

"స్వామి కోసం పస్తున్నారు, సరే. ఆయన పేరు పలకడానికి పన్నక్కర్లేదా అక్కయ్యగారూ? లేవండి!"

మనసులోనే దణ్ణం పెట్టుకుని, రెండు అరటిపళ్లు తిని వచ్చాను.

సూది చురుక్కుమంది, అంతే. కాసేపటికి పై పెదవి నాది కానట్టయింది. పంటి చుట్టూ పల్చటి రబ్బరు గుడ్డ బిగించి, "నొప్పనిపిస్తే చెయ్యెత్తండి" అన్నారు. సూదుల్లాంటి సన్నటి ఆకురాళ్లతో లోపల గీకుతుంటే చప్పుడు తెలిసింది గానీ నొప్పి తెలియలేదు. ఎత్తాల్సిన చేతిని ఒళ్లోనే ఉంచుకుని నామం చెప్పుకున్నాను. చివర్న మందు పెట్టి, పైపైన మూసేశారు.

"వచ్చే వారం పూర్తి చేసేద్దామండీ. ఆ తర్వాత తొడుగు. రెండ్రోజులు కాస్త సలుపుతుంది, మాత్రలు వేసుకోండి. మత్తు దిగేదాకా ఏమీ తినకండి, పెదవి కొరుక్కుంటారు."

"ఆయ్, చూసేరా! మిగతా ఉపవాసం డాక్టరమ్మగారే చేయిస్తన్నారు," అంది తోడికోడలు.

తిరుగు బస్సులో 'మాధవా' అందామంటే పెదవులు కలవలేదు. ఏదో ఊదినట్టు వచ్చింది. తోడికోడలు పకపకా నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. సాయంత్రం దీపం పెట్టేవేళకు పెదవి మీద చీమలు పాకినట్టయింది. ఒక్కొక్క అక్షరమే తిరిగొచ్చింది.

తర్వాతి ఏకాదశికి ముందు చెప్పింది నేనే. మొదలుపెట్టేముందు నాన్నగారికి పెట్టుకునే దణ్ణం పక్కన, డాక్టరమ్మకూ ఒకటి చేర్చాను. కొబ్బరి మాత్రం ఇప్పుడు చాకుతో తీసుకుంటున్నాను.