ఎనిమిదో, పదో

కంబి కట్టడంలో, అంటే కాంక్రీటు లోపలి ఇనుప కడ్డీలు అల్లి కట్టడంలో, వెంకటరాయప్పను మించినవాడు కాడుగోడి చుట్టుపక్కల లేడని పేరు. ఆ మాట ఎక్కువసార్లు అన్నది ఆయనే అనుకోండి, అయినా అబద్ధమేం కాదు. ఆంధ్ర సరిహద్దులో బాగేపల్లి అవతలి పల్లె నుంచి తొంభై రెండులో బెంగళూరు వచ్చాడు. హెబ్బగోడిలో ఫ్యాక్టరీ షెడ్లకు కాంక్రీటు తట్టలు మోశాడు. పదిమందితో ఒకే గదిలో పడుకుని, పెద్ద మేస్త్రీల చేతులు చూసి చూసి కంబి పని పట్టేశాడు. ఆయన కొక్కెం తిప్పితే తీగ రెండు చుట్లకే బిగిసిపోవాల్సిందే. రింగు రోడ్డు వంతెనల్లో, ఆసుపత్రుల్లో, పేరు కూడా పలకలేని కంపెనీల మేడల్లో ఆయన కట్టిన ఇనుము ఎంతుందో లెక్కే లేదు. కాంక్రీటు పోశాక అది ఎవరికీ కనపడదు. "మన పని దేవునికీ మనకే తెల్సునప్పా" అని నవ్వేవాడు.

పేరొచ్చింది, మేస్త్రి అయ్యాడు, చేతి కింద పన్నెండు మంది చేరారు. పేరుతోపాటు నోరూ పెరిగింది. ఆ నోటి దెబ్బ ఎక్కువగా తిన్నది భార్య మునిలక్ష్మి. సొంత అక్క కూతురు, "మామా" అని పిలుస్తుంది, అదే గుంపులో పని చేస్తుంది. ఆమె ఏదైనా చెప్పబోతే చాలు, "నీకేం తెల్సు, నోరు మూసుకోనుండు" అనేవాడు. పాపం, మూసుకునేది.

రెండువేల నాలుగు ఎండాకాలంలో కాడుగోడి దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు కడుతున్నారు. ఇంజనీరు కౌశల్ ఉత్తరాది మనిషి. కన్నడ అంకెలు అప్పుడప్పుడే నేర్చుకుని, దొరికినవాళ్లందరి మీదా ప్రయోగిస్తున్నాడు. ప్లాను కాగితం వెంకటరాయప్పకు చదవడం రాదు, ఇంజనీరు నోటిమాటే ప్లాను. మొదటి అంతస్తు స్లాబుకు కడ్డీలు ఎంతెంత దూరంలో కట్టాలో కౌశల్ వచ్చి చెప్పినప్పుడు, పక్కన మిక్సర్ గడగడలాడుతోంది. మన మేస్త్రి వీపు తిప్పుకుని కడ్డీ వంచుతున్నాడు. చెవిన పడింది "అత్తు ఇంచి". కన్నడంలో పదిని హత్తు అంటారు. ఆ సరిహద్దు ఊళ్ల నోళ్లలో హకారం నిలవదు, అత్తు అయిపోతుంది. అబ్బో, సారుకు కన్నడం బాగానే అబ్బిందే అని మెచ్చుకున్నాడు కూడా. "అత్తు అంగుళాలకొకటి కట్టండప్పా" అని గుంపుకు చెప్పాడు. ఆ సాయంత్రమే ఊళ్లో పెదనాయన పోయాడని కబురొస్తే బస్సెక్కాడు.

నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి స్లాబు పోసేశారు. కౌశల్ సంబరంగా ఎదురొచ్చి, పక్క బ్లాకు చూపించి, "అక్కడ కూడా సేమ్. ఆఠ్ ఇంచ్!" అన్నాడు. అంటూ ఎనిమిది వేళ్లు ఎత్తాడు.

వెంకటరాయప్పకు పైప్రాణాలు పైనే పోయాయి. అది కన్నడ అత్తు కాదు, హిందీ ఆఠ్. అంటే ఎనిమిది, కన్నడంలో ఎంటు! అయిదు కడ్డీలు ఉండాల్సిన చోట నాలుగే ఉన్నాయన్నమాట. చెబితే స్లాబు కూలగొట్టాలి, పన్నెండేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే? రేపు దాని కింద ఎంతమంది కూర్చుంటారో, ఎవరి బిడ్డలో! రెండుసార్లు కౌశల్ గది దాకా వెళ్లాడు. మొదటిసారి బైండింగ్ తీగ అడిగి వచ్చాడు. రెండోసారి టైమెంతయిందని అడిగి వచ్చాడు, చేతికి వాచీ పెట్టుకుని మరీ.

సంగటి ముద్ద గొంతు దిగడం మానేసింది. మునిలక్ష్మి పొద్దునా సాయంత్రం స్లాబు మీద నీళ్లు కడుతుంటే, ఆయన వెనకాలే చేరి మోకాళ్ల మీద పాకుతూ బీటలు వెతికేవాడు. ఆమె జాలిగా చూసేదే తప్ప ఒక్క మాట అడిగేది కాదు.

పోసిన ఇరవై ఒకటో రోజు స్లాబు కింద ఆనించిన కట్టెలు తీయాలి. గుంపులో పెద్దవాడు బైరప్ప సుత్తి పట్టుకుని ముందుకొస్తే, వెంకటరాయప్ప అడ్డం నిలబడి సుత్తి లాక్కున్నాడు. "ఎవురూ లోపలికి రాకూడదు. మొదటి కట్టె నేనొక్కణ్ణే తీస్తా" అన్నాడు. ఏ మాత్రం కిర్రుమన్నా పరుగున పోయి కౌశల్ కాళ్ల మీద పడాలని, ఆ లోపే కూలితే తనొక్కడే పోవాలని నిర్ణయం. లోపలికి నాలుగడుగులు వేశాడో లేదో, వెనక గాజుల చప్పుడు. చెక్క ముక్కలు ఏరుకోవడానికి మునిలక్ష్మి గోతం పట్టుకుని వచ్చేసింది.

"బయటికి పో!"

"ఏమిటికి మామా?"

"పొమ్మంటే పోవే! ఇది నిలిచేది కాదు. ఎంటుకు కట్టాల్సింది అత్తుకు కట్టిచ్చినాను. నా పాపం నా నెత్తినే పడనీ."

మునిలక్ష్మి కదల్లేదు. "అత్తుకు ఎవురు కట్టిరి? మేం ఎంటుకే కట్టినాం."

"అత్తు అని నేను చెప్పి పోతిని కదా!"

"నువ్వు చెప్తివి. సారు ఎంటు ఏళ్లు ఎత్తి చూపిచ్చె. నువ్వు ఈపు తిప్పుకోనుంటివి, నేను చూస్తిని. చెప్పబోతే నోరు మూసుకోమంటివి. నువ్వు బస్సెక్కినంక బైరప్పకు చెప్పి ఎంటుకే కట్టిచ్చినా. సారు టేపు పెట్టి కొల్సి, సరిగ్గుండాది అనె."

వెంకటరాయప్ప సుత్తి పక్కన పెట్టి అక్కడే కూర్చున్నాడు. "మరి వచ్చినంక నాకు చెప్పొద్దా? ఇరవై దినాలు, తిండి లేక సచ్చిపోతిని కదే!"

"పెదనాయన కోసం కుమిలిపోతా ఉండావనుకుంటి. బతికినన్నాళ్లూ మొగం చూడని పెదనాయన మీద ఇంత ప్రేమ యాడ దాచుకోనుండెనో అని మన కూలోళ్ల షెడ్డంతా చెప్పుకుంటి. పక్కింటి బేబీ అక్క అయితే ఏడ్సేసె పాపం!"

ఆయనకు ముందు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. లేచి సుత్తితో మొదటి కట్టెను కొట్టాడు. అది దభీమని పడింది. స్లాబు కిమ్మనలేదు. రెండోదీ పడింది, పదోదీ పడింది. బయట నిలబడ్డవాళ్లను కేకేసి లోపలికి పిలిచాడు. గుండెల మీది బండ దిగిపోయి, ఆ మధ్యాహ్నం మూడు ముద్దలు తిని, ఇంకోటి అడిగాడు.

సాయంత్రం పక్క బ్లాకు దగ్గరికి కౌశల్ కాగితం పట్టుకుని వచ్చాడు. "మేస్త్రీ, యే వాలా..." అని ప్లాను చూపిస్తూ హిందీలో మొదలుపెట్టాడు.

వెంకటరాయప్ప పక్కకు జరిగి, వెనకున్న మునిలక్ష్మి వైపు దారిచ్చాడు. "నాకు కాదు సార్, మేస్త్రికి చెప్పండి" అన్నాడు.

కొత్త మేస్త్రి ఎవరొచ్చారా అని మునిలక్ష్మి కూడా వెనక్కి తిరిగి చూసింది.