మనిషి తప్ప అన్నీ పంపే బావ

మా అక్క క్లోరిందా మొగుడు రోసెందోకి చిలోయె దీవిలో మూడు దుకాణాలు, రెండు ట్రక్కులు, ఒక మోటారు పడవ ఉన్నాయి. ఒకరి గడప తొక్కే తీరిక మాత్రం లేదు. పెళ్ళయితే పింగాణీ సెట్టు పంపేవాడు, బిడ్డ పుడితే ఉన్ని దుప్పటి పంపేవాడు, చస్తే పూలచక్రం పంపేవాడు. మా అమ్మ మంచాన పడ్డ ఐదు నెలల్లో కాస్త్రో పట్నం నుంచి మూడు రకాల పరుపులు దింపించాడు. వాటిమీద పడుకుని ఆవిడ అడిగిందల్లా ఒక్కటే. "రోసెందో వస్తున్నాడేమో చూడరా." చూసేవాణ్ణి. ట్రక్కు వచ్చేది. ఆ మనిషి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా దీవిలో ఇంటిని లాక్కుపోయే ఆనవాయితీ ఉంది. సముద్రం గట్టును కోసుకుంటూ వస్తే, చెక్క ఇంటిని పునాది రాళ్ళ మీంచి లేపి, కింద దుంగలు పరిచి, మోకులు కట్టి, ఊరి ఎడ్లతో పైకి లాగిస్తాం. కూలి ఉండదు, పనయ్యాక అందరికీ భోజనం. నియమం మాత్రం ఒకటుంది. ఇంటాయన ప్రతి ఇంటికీ తానే వెళ్ళాలి. పొయ్యి పక్కన కూర్చుని, వాళ్ళిచ్చే మాతే కషాయం తాగి, నోరు తెరిచి అడగాలి.

ఒక ఏడాది చలికాలం ముందు గట్టు విరిగి విరిగి అక్క వంటింటికి నాలుగడుగుల దూరానికి వచ్చింది. అక్క ముగ్గురు పిల్లల్ని కన్న ఇల్లది. ఒక్క తుఫాను వస్తే సముద్రం పాలే. దిగులుతో అక్క సగమైపోయింది.

బావగారు ఏం చేశారు? ఊళ్ళోని పదకొండు ఇళ్ళకీ డ్రైవరు చేత తలా ఒక బిస్కెట్ డబ్బా పంపారు. మూత మీద చీటీ: 'శనివారం పొద్దున ఎడ్లతో రండి.' సొంత బామ్మర్దిని, నాకూ అదే డబ్బా, అదే చీటీ.

అక్క మొహం చూసి నా ఎడ్ల జతతో వెళ్ళాను. తక్కిన పది ఇళ్ళ నుంచి ఒక్క మనిషి రాలేదు. పాలబండి మీద సామాను వచ్చింది. బస్తా బంగాళాదుంపలు, జాడీడు యాపిల్ కల్లు, పొగబెట్టిన పంది తొడ, ఇంకా ఏవేవో. పక్కింటి ముసలామె దోమితిల అయితే ఎడ్లు లేని ఒట్టి కాడి పంపింది.

"ఇదంతా ఏంట్రా? మనుషులేరీ?" అన్నాడు బావ.

"పంపారుగా బావా, ఇంకేం కావాలి?"

"నా పరువు తీయడానికా?"

"ఉంటే కదా తీయడానికి!"

అక్క బంగాళాదుంపల బస్తా మీద కూలబడింది. "నడవండి, ఒక్కో ఇంటికీ. ట్రక్కెక్కారో, నేను ఈ ఇంట్లోంచి కదల్ను. పడితే నాతో సహా పడుతుంది" అంది.

నడిచాడు. ఆ వేడుక చూడాలని వెనకే నేనూ వెళ్ళాను. దోమితిల పొయ్యి పక్కన ఒక్క గుక్క తాగి లేవబోయాడు.

"కూర్చో" అంది ముసలామె. కూర్చున్నాడు.

"మా ఆయన పోయినప్పుడు నువ్వు పంపిన పూలచక్రం ఎంత పెద్దదయ్యా! గుమ్మంలో పట్టలేదు. శవపెట్టె మోయడానికి మాత్రం ఒక భుజం తక్కువైంది. నేనే మోశా, ఈ నడుంతో."

బావ గిన్నె ఖాళీ అయ్యేదాకా కషాయం తాగాడు. నాకేం జాలి వెయ్యలేదు. మా అమ్మే గుర్తొచ్చింది.

పది ఇళ్ళు తిరగడానికి నాలుగు రోజులు పట్టింది. దుకాణాలు మూసినందుకు ఎవరి కొంపా మునగలేదు.

మరుసటి శనివారం అందరూ వచ్చారు. బావ ఓ పక్కగా నిలబడి చెయ్యి ఊపుతూ పెత్తనం మొదలెట్టాడు. దోమితిల మోకు చూపించింది. వెళ్ళి పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి ఇల్లు పైనున్న పచ్చికలోకి చేరింది. అక్క గోడను పట్టుకుని ఏడ్చేసింది.

భోజనాల దగ్గర బావ చొక్కా చిరిగి ఉంది. మోకు రాసుకుని లోపల తోలు లేచిపోయింది. దోమితిల వంగి, ఆ పుండు మీదే వేలు పెట్టి నొక్కింది.

"అరె, నీకూ భుజం ఉందే!"