నీళ్లొచ్చే కల

2023 వానాకాలం. గోదావరిఖనిలో ముసురు పట్టిందంటే ఊరంతా కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. షేర్ ఆటోలు కూడా నిద్రలో నడిచినట్టు నడుస్తాయి. నేను ఇక్కడ ఫిజీషియన్‌ని, అంటే కత్తి పట్టని డాక్టర్ని. బీపీ, షుగర్, జ్వరాలు నా సరుకు. ఆ ముసుర్లోనే రాజేశం మళ్లీ వచ్చాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. మట్టి మోసే ఆ బండి ఇల్లంత ఉంటుంది. మూడు రకాల గోళీలు వేసుకుంటున్నా అతని బీపీ దిగడం లేదు.

"నిద్ర మంచిగ పడుతుందా?" అని అడిగాను.

"పడుతది సార్. గాని ఎప్పుడు ఒక్కటే కల. పాత బాయిల ఉంట. నీళ్లొస్తయ్. మోకాళ్ల దాక, గొంతు దాక. ఊపిరాడది. గప్పుడు తెలివైతది, లేచి కూసుంట."

బాయి అంటే ఇక్కడ భూమి లోపలి గని. వయసులో అతను అందులోనే పనిచేశాడు. పాత భయం కలగా వస్తోందనుకున్నాను. అలాంటి కలలు ఈ ఊళ్లో ఇంటికొకటి ఉంటాయి. నిజం చెప్పొద్దూ, ఆ కల నన్ను వదల్లేదు. వాన చప్పుడు విన్నప్పుడల్లా ఆ నీళ్లే గుర్తొచ్చేవి.

ఆ ఆదివారం కరీంనగర్‌లో సీఎంఈ. వైద్యంలో కొత్త పరిశోధనలు తెలుసుకోవడానికి డాక్టర్లు వెళ్లే బడి అది. బిర్యానీ తర్వాతి పాఠం నిద్ర మీద. లైట్లు ఆర్పారు. ఒకావిడ నిద్ర గురించి చెబుతుంటే సగం హాలు ప్రాక్టికల్స్ చేస్తోంది. నాకూ కళ్లు మూతపడ్డాయి. తెర మీది నీలం వెలుగు నీళ్లయింది. మెల్లగా కుర్చీల కిందికి పాకింది. రాజేశం బాయిలో నేను నిలబడ్డాను. ఆ నీళ్ల మీదుగా ఆవిడ గొంతు వినబడింది.

"మందులకు లొంగని బీపీ కనిపిస్తే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడండి. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది. కొందరికి మునిగిపోతున్నట్టు కలలొస్తాయి. ఊపిరి ఆగడం పేషెంటుకు తెలియదు. పక్కన పడుకునేవాళ్లను అడగండి."

దిగ్గున లేచి కూర్చున్నాను. పక్క కుర్చీ డాక్టరుగారు కళ్లు తెరవకుండానే "అయిపోయిందా?" అన్నారు.

మర్నాడే రాజేశాన్ని భార్యతో సహా రమ్మన్నాను. ఆమె పేరు స్వరూప. కళ్ల కింద నల్లటి చారలు.

"అక్కా, నిద్రల ఈయన ఊపిరి ఆగుతదా?"

"ఆగుతది సార్. గురక ఒక్కసారే బందైతది. భుజం తడ్త. మళ్ల గుర్రుమంటడు. నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పన్నా గంతే, పక్కనే కూసుంట."

రాజేశం ఆమె వైపు తిరిగాడు. "నాకెన్నడు చెప్పలే?"

"చెప్తే ఫికర్ జేస్తవని."

పగలు కునుకు వస్తుందా అని అడిగితే అతను తల దించుకున్నాడు. బండి నడుపుతుండగా రెండుసార్లు కన్నంటిందట. పక్కనే లోయంత గొయ్యి. వైద్యం అయ్యేదాకా డంపర్ ఎక్కొద్దన్నాను.

"అన్‌ఫిట్ జేస్తరా సార్? బండి దిగితే నేనేం మనిషిని?"

"మళ్ల ఎక్కనీకే దిగమంటున్న," అన్నాను. ఎక్కిస్తానని మాట మాత్రం ఇవ్వలేకపోయాను.

పరీక్షలో స్లీప్ ఆప్నియా అని తేలింది. ముక్కుకు మాస్కు పెట్టి, గొంతు మూసుకుపోకుండా గాలి నెట్టే సీప్యాప్ అనే యంత్రం రాశాం. "ఇంట్ల గూడ మాస్కేనా? పండుడు గూడ డ్యూటీయేనా?" అని గొణిగాడు. అయినా పెట్టుకున్నాడు. చలికాలం వచ్చేసరికి బీపీ దిగింది, పగటి కునుకు పోయింది. గని డాక్టర్లు మళ్లీ పరీక్షలు చేసి ఫిట్ అన్నారు. డంపర్ ఎక్కిన వారమే మిఠాయి డబ్బాతో ఇద్దరూ వచ్చారు.

"కల వస్తుందా?"

"లేదు సార్. బాయి ఎండింది," అని నవ్వాడు.

అప్పటి నుంచి నా గదిలో పేషెంటు కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఉంటుంది. బీపీ ఎవరిదైనా, నిద్ర సంగతి ఇద్దరినీ అడుగుతాను. సీఎంఈలో ఆవిడ చెప్పింది పేషెంటు కోసం పక్కవాళ్లను అడగమనే. పక్కవాళ్ల కోసం కూడా అడగాలని నాకు స్వరూపను చూశాకే తెలిసింది.

మిఠాయి తెచ్చిన రోజే ఆమె వైపు తిరిగి, "నీకెట్లున్నదక్కా?" అన్నాను.

"మిషన్ పెట్టిన మొదట్ల గురక సప్పుడు లేకపోతే భయమై లేచి ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసేదాన్ని సార్." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇప్పుడు నాకు గూడ నిద్ర పడుతున్నది, కలలొస్తున్నయ్."