గ్లౌజులు వేసుకొచ్చిన పెళ్లికొడుకు

మే నెల మధ్యాహ్నం, వడగాలికి భిలాయి-3 రైల్వే క్వార్టర్ల తలుపులన్నీ మూసుకున్న వేళ, నన్ను చూసుకోవడానికి ఒకాయన చేతులకు తోలు గ్లౌజులు వేసుకొచ్చాడు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒకచోట కుదురుగా కూర్చునే గుణం లేదు. పెళ్లిచూపులని చాప మీద కూర్చోబెడితే కింద నిప్పులు పోసినట్టే ఉంది. దానికి తోడు ఎదురుగా ఆ గ్లౌజులు. ముదురు తేనె రంగు, వేలివేలికీ అతుక్కుపోయిన తోలు, వెతుక్కుంటే గానీ కనబడని కుట్టు. భిలాయి ఉక్కు కార్ఖానాలో కొలిమి దగ్గర వేసుకునే మొరటు గ్లౌజులు నేను చాలానే చూశాను. ఇవి ఆ జాతి కావు.

"రష్యా ఇంజనీరుగోరు వాళ్ల దేశం ఎల్లిపోతా ఇచ్చేరు," అంది ఆయన్ని వెంటబెట్టుకొచ్చిన వాళ్ల పెద్దమ్మ. కార్ఖానాలో పనిచేస్తూ, రుఆబాంధా బస్తీలో ఆయన ఉండేది ఆవిడ ఇంట్లోనే. "ఆ సాబుగోరి నాన్న సేత్తో కుట్టినవంట. మంచు దేశపు జింక తోలు. అక్కడ పెద్దపెద్దోళ్లే ఏసుకుంటారంట. మావోడంటే సాబుకి అంత ఖాస్, సొంత మనిసి లెక్క."

అంతే, మా నాన్న పడిపోయాడు. "ఏటి, ఓపాలి ముట్టుకోవచ్చా బాబూ?" అంటూ గ్లౌజు మీంచే ఆయన చెయ్యి నిమిరాడు. అమ్మ తోలని కాస్త వెనక్కి జరిగింది గానీ, మొహం మాత్రం వెలిగిపోయింది. కాబోయే అల్లుడు దొరల మనిషని ఇద్దరూ అప్పుడే ఖాయం చేసేసుకున్నారు.

ఆయన మాత్రం గ్లౌజులు తియ్యకుండానే కూర్చున్నాడు. టీ ఎడమ చేత్తో తాగాడు. నుదుటి మీద చెమట కారి కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోలేదు. నాకు ఒళ్లు మండింది. డాబు మనిషైతే నాకొద్దు. డాబు కాకపోతే ఆ తోలు లోపల ఏముంది? రేపు జీలకర్ర బెల్లం నా తల మీద పెట్టేది ఆ చెయ్యే. దాన్ని చూడకుండా ఊఁ అనడం నా వల్ల కాదు.

అమ్మ పకోడీల పళ్లెం తెచ్చింది. నేను లేచి వసారాలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"చేతులు కడుక్కోండి."

"అబ్బే, నువ్వు కూకోమ్మా. వోడికి ఆకలి లేదు," అంది పెద్దమ్మ గాభరాగా. అమ్మ నా మోచెయ్యి గిల్లింది. నేను కదల్లేదు.

ఆయన అప్పుడు మొదటిసారి నా వంక చూశాడు. ఎడమ గ్లౌజు తీశాడు. కుడిది ఒక్కొక్క వేలే లాగుతూ మెల్లగా విప్పాడు.

అరచెయ్యి ముడుచుకుపోయి ఉంది. చర్మం గులాబీ రంగుగా మెరుస్తోంది. చివరి రెండు వేళ్లూ సగం దాకా కలిసిపోయాయి.

"కార్ఖానాలో కరిగిన ఇనుం సిందింది," అన్నాడు.

నాకు భయమేసింది. అయినా చెంబు కింద పెట్టలేదు.

"కొత్త సర్మం ఎండకీ దుమ్ముకీ మండుతాదని సాబు తన గ్లౌజులే ఇచ్చీసేడు. ఇంతకు ముందు మూడిళ్లకెళ్లేం. అందరూ గ్లౌజులు బాగున్నాయనీవోరే. తియ్యమని ఎవలూ అన్లేదు. తర్వాత సంగతి తెలిసి ఒద్దని కబురెట్టీవోరు. నేను ముందే సెప్పేస్తానంటే మా పెద్దమ్మ ఒద్దనీది."

"ఏటమ్మా ఈ మోసం?" అని నాన్న లేచి నిలబడ్డాడు. పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ మీద నాకూ కోపం వచ్చింది. కానీ ఆయన మీద రాలేదు. చెయ్యి చూపించమని ఎవరైనా అంటారేమోనని మూడిళ్లలో ఎదురుచూసిన మనిషి. పాపం అనిపించింది, దాంతోపాటు ఎందుకో ఇష్టం కూడా కలిగింది. చెంబు వంచి ఆ చేతి మీద నీళ్లు పోశాను.

నాన్న నన్ను వంటింట్లోకి లాక్కెళ్లాడు. "ఏటంటావిప్పుడు?"

"చేసుకుంటాను."

"ఆలోసించుకోవే!"

"చూశాను కదా నాన్నా."

ఆ శ్రావణంలోనే క్వార్టర్ల మధ్య పందిరి వేశారు. కార్ఖానా వాళ్లూ, రైల్వే వాళ్లూ కిక్కిరిసిపోయారు. అంతమందిలో ఆయన గ్లౌజులు తీసి పీటల మీద కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్యా తెర పట్టుకున్నారు. అటువైపు పంతులుగారు "కుడి చెయ్యి బాబూ, కుడి చెయ్యి" అంటున్నారు. ముహూర్తం వచ్చేసింది. బాజాలు హోరెత్తుతున్నాయి. నా తల మీదికి మాత్రం ఏ చెయ్యీ రాలేదు. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు.

తెరకి ఇవతల నుంచే గట్టిగా అన్నాను.

"పెట్టండి. నేను చూసిన చెయ్యే కదా."