జొన్నగింజల మీది తెల్లపోగులు

ఎల్బీనగర్‌లో మా సందులో ఉండే లచ్చమ్మ పొద్దున్నే చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగి, దేవుని దీపం కంటే ముందు విత్తనం సంచులు చూసేది. ఉడికించిన జొన్నల్లో పెంచే పుట్టగొడుగుల విత్తనం అది. ఒక్కో సంచిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టేది. పచ్చమచ్చ కనబడితే పారేసేది. బూజులాంటి తెల్లపోగులు సగం అల్లుకున్న సంచినైతే గట్టిగా కుదిపేది.

"పోగులు తెగినా ఏం గాదు. తెగిన కొసలు ఒకదాన్నొకటి ఎతుక్కుంటయ్," అనేది.

అది నిజమేనని లచ్చమ్మ ఇంటి పై వాటాలో కిరాయికున్న ఉదయలక్ష్మి మైక్రోస్కోపులో చూపించింది. ఆమెది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. రెండు పోగులు ఒకదాని వైపు ఒకటి వంగి, కొసలు ఆని, నడిమి గోడ కరిగి ఒకటే గొట్టమయ్యాయి. లోపలి రసం ఇటు నుంచి అటు పారింది. లచ్చమ్మ రెండు చేతులూ జోడించింది.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో లచ్చమ్మ రోజూ రోడ్డు మీద వంటావార్పుకు పోయేది. అప్పుడు కరెంటు లేక ఉడికిపోయే విత్తనం గదిలో, చల్లదనం కోసం కట్టిన గోనెపట్టాలకు పూటపూటా నీళ్లు చల్లి విత్తనాన్ని బతికించింది ఉదయలక్ష్మే.

అటువంటి మనిషిని, ఆంధ్రా ఆమె అని ఖాళీ చేయించమని లచ్చమ్మ మరిది కృష్ణ పట్టుబట్టాడు. ఆ నెలలోనే లచ్చమ్మ పొరపాటున రెండు రకాల విత్తనం ఒకే సంచిలో వేసింది. పోగులు ఎదురుపడ్డ చోట కలవక గోధుమరంగు గీత కట్టింది. కృష్ణ ఆ సంచి పట్టుకొచ్చి, ఉదయలక్ష్మి మెట్ల మీద ఉండగానే వాకిట్లో నలుగురికీ చూపించాడు.

"బూజుకున్న తెలివి మా వదినెకు లేకపాయె. ఆళ్లు మనతోని కలుస్తరా?"

నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. దేవుడు క్షమించినా నాకు నా మీద ఇప్పటికీ మండుతుంది.

ఉదయలక్ష్మి వెనక్కి తిరిగి పైకి వెళ్లిపోయింది. సాయంత్రానికి మూటలు కట్టి వాకిట్లోకి దింపింది. లచ్చమ్మ ఇంటికొచ్చి ఆ మూటలు చూసింది, సంగతి విన్నది, కృష్ణను పిలిపించింది.

"నేను జేసిన తప్పుకు బూజును సాక్ష్యం పిలుస్తవా? తెలంగాణ నాకూ కావాలె. ఎండల కూసున్న, లాఠీ దెబ్బ తిన్న. నువ్వేమో టీవీల జూసినవ్. ఈమెను ఎల్లగొడితే ఒస్తదా రాష్ట్రం? బూజు బూజే, మనిషి మనిషే."

"ఆంధ్రామెకు వకీలైనవ్ వదినా."

"అయిన. నీ తరఫున నిలబడెటోడు ఎవడన్న ఉంటే తోల్కరా."

ఉదయలక్ష్మి నెమ్మదిగా అంది: "నా వల్ల మీ ఇంట్లో గొడవలెందుకు లచ్చమ్మ గారూ."

"నువ్వు గూడ ఏంది మేడమ్? ఇల్లు నాది. నిన్ను పొమ్మని నేనన్ననా? వీడన్నడని మూట కడితివి."

కృష్ణ చెప్పులేసుకోబోయాడు. లచ్చమ్మ ఆపింది.

"నా నడుము నొస్తున్నది, కృష్ణా. జర మేడమ్ బియ్యం మూట మళ్ల పైకి ఎక్కియ్యి."