బీడీల మీదికి నెట్టిన నొప్పి

పదో తరగతి ప్రీఫైనల్స్ మొదలైన రోజు, తెలుగు పరీక్షలో రెండో పేజీ తిప్పుతుంటే కుడి బొటనవేలి మొదట్లో చురుక్కుమంది. పెన్ను జారి కింద పడింది. చలికి అనుకున్నాను. ఇంటికొచ్చి నీళ్ల చెంబు ఎత్తబోతే మణికట్టు దాకా గుంజింది.

మాది మెట్‌పల్లి. బాపు మస్కట్‌లో ఉంటాడు. మా దగ్గర నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం; అవ్వ బీడీలు చేస్తుంది. బడి నుంచి రాగానే నేను ఆకు కత్తిరించి ఇచ్చేదాన్ని. అందుకే ఈ నొప్పి ఎందుకొచ్చిందని అవ్వ అడిగితే, కత్తెర వల్లేనని టక్కున చెప్పేశాను.

అసలు సంగతి వేరు. నాకు యానిమేషన్ పిచ్చి. ఎడమ చేత్తో సోషల్ పుస్తకం తెరిచి పట్టుకుని, దాని వెనక కుడి చేతిలో ఫోన్ పెట్టుకుని, అదే చేతి బొటనవేలితో బొమ్మలు గీసేదాన్ని. తెర మీద నా బొమ్మ కోడి నాలుగడుగులు వేయడానికి ఎన్ని బొమ్మలు గీశానో లెక్కలేదు. తెలిస్తే బాపు ఫోన్ గుంజుకోమంటాడు, ఇంటర్‌లో ఎంపీసీ ఖాయం చేస్తాడు. ఆ భయంతో నోరు విప్పలేదు.

కరీంనగర్‌లో ఎముకల డాక్టర్, బొటనవేలిని పిడికిట్లో పెట్టి చెయ్యి కిందికి వంచమన్నారు. ప్రాణం పోయినంత పనైంది. డీ క్వెర్వేన్స్ అన్నారు, అంటే బొటనవేలిని కదిలించే టెండాన్లు వాచాయన్నారు. వేలూ మణికట్టూ కదలకుండా స్ప్లింట్ పట్టీ కట్టి, కత్తెర ముట్టొద్దన్నారు. అవ్వ ఆ రోజు నుంచి నన్ను ఆకుల చేట దగ్గరికి రానీయలేదు.

నేను మాత్రం స్ప్లింట్ విప్పి గీస్తూనే ఉన్నాను. కాసేపే కదా అనుకునేదాన్ని, ఆ కాసేపు గంటయ్యేది. బోర్డు పరీక్షలు చెయ్యి దులుపుకుంటూ రాశాను. ఫలితాలు రాకముందే అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగే ఓ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి కూర్చున్నాడు. పిల్లకు బొమ్మలంటే ఇష్టమని అవ్వ నసిగితే, అవన్నీ కంప్యూటర్లతోనే, ఎంపీసీ ఉంటే చాలన్నాడు. వీడియో కాల్‌లో బాపు సరేనన్నాడు. పీఆర్వో నా సంతకం కోసం ఎంపీసీ ఫారం టీవీ పక్కన పెట్టి పోయాడు. దాన్ని చూస్తూ ఇంట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. చెయ్యి బాగుపడాలంటే గీయకూడదు. గీయకపోతే నేను ఎంపీసీ పిల్లనే. ఒక్కచోట కూర్చోలేకపోయేదాన్ని.

రెండోసారి పోయినప్పుడు డాక్టర్ అల్ట్రాసౌండ్ చూసి అవ్వను అడిగారు: "రెండు నెలలు రెస్టు ఇస్తే గింత వాపు ఉండొద్దు. ఏమన్న పని చేస్తున్నదా?"

"ఏం చేపిస్తలేను సార్. దాని వంతు ఆకు గూడ నేనే కత్తిరిస్తున్న."

తప్పు తనదేమో అన్నట్టు భయంభయంగా చెప్పింది. నాకు సిగ్గేసింది. అక్కడే ఏడుస్తూ ఫోన్ సంగతి చెప్పేశాను. డాక్టర్ తిట్టలేదు, ముందే చెప్పి ఉంటే ఇంజెక్షన్ దాకా వచ్చేది కాదేమో అన్నారంతే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, ఆరు వారాలు ఫోన్ కూడా బంద్ అన్నారు.

బస్సు జగిత్యాల దాటింది. అప్పుడు అవ్వ అడిగింది.

"గా బొమ్మల పనికి ఏం సదవాలె బిడ్డా?"

ఏడాదంతా దాచుకుని గీశాను కానీ, ఆ ఒక్క ప్రశ్న ఎవరినీ అడగలేదు.

గీయడానికి లేని ఆ ఆరు వారాలూ అడగడమే పనిగా పెట్టుకున్నాను. యానిమేషన్ డిగ్రీ ఉన్న ఓ హైదరాబాద్ కాలేజీకి ఫోన్ చేస్తే, ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు, ప్రవేశ పరీక్షలో బొమ్మలు గీయాలన్నారు. డాక్టర్ పంపిన ఫిజియోథెరపీ గదిలో ప్లాస్టిక్ ఎముకల చెయ్యి ఒకటి ఉండేది. దాని వేళ్లు వంచి చూస్తుంటే నా కోడి నడక ఎందుకు కుంటుతున్నట్టు ఉండేదో తెలిసింది. కీలు ఎక్కడుందో తెలియకుండానే కాలు గీశాను మరి. ఎముకలు, కీళ్ల గురించి చదవడానికి బైపీసీ తీసుకుంటానని ఇంట్లో చెప్పాను. బాపు తన సెలవు రోజు శుక్రవారమే ఫోన్ చేస్తాడు; రెండు శుక్రవారాలు అవ్వతోనే మాట్లాడి పెట్టేశాడు. మూడో శుక్రవారం "చెయ్యి జర పైలం" అన్నాడు. టీవీ పక్కన ఫారం సంతకం లేకుండానే ఉండిపోయింది.

ఇప్పుడు సెకండియర్. జువాలజీ రికార్డులో బొమ్మలు వేస్తూ పావుగంటకోసారి చెయ్యి ఆపుతాను. డిగ్రీ సీటు వస్తుందో రాదోనన్న ఫికర్ మాత్రం ఆగదు.

మీకు చెప్పేది ఒక్కటే. చెయ్యి నొప్పి పుడితే, ఆ చేత్తో మీరు చేసే పనులన్నీ మొదటి రోజే డాక్టర్‌కు చెప్పండి, ఇంట్లో చెప్పలేనివి కూడా. నేను దాచిన ఆ రెండు నెలలు అవ్వ ఇద్దరి పని చేసింది. మొన్న చలికాలం ఆమె నీళ్ల చెంబు ఎత్తబోయి, మణికట్టు పట్టుకుని ఆగిపోయింది. నా పాత స్ప్లింట్ ఆమె చేతికి సరిగ్గా సరిపోయింది. రోజూ పొద్దున కాలేజీకి పోయేముందు దాన్ని నేనే కడతాను.