యూదా అనే తిట్టు

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమమప్పుడు రైళ్లు ఆగుతుండె, ఎవల్ని చూసినా అనుమానమే. మానుకోట స్టేషన్ల ఎదురుబల్ల మీది పెద్దమనిషి బైబిలు పైకి కనవడుతున్న నా సంచి దిక్కే చూస్తుండు. "గీ మనిషి యూదా లెక్కున్నడవ్వా, సంచి పైలం," అన్న నేను మా అవ్వతోని. మా చర్చోళ్లకు యూదా అంటే యేసయ్యను పట్టిచ్చిన ద్రోహి. అంతకన్న పెద్ద తిట్టు లేదు.

ఆయన ఇన్నడు. "జర గా బైబిలియ్యి బిడ్డా," అన్నడు. భయపడుకుంటనే ఇచ్చిన. కొత్త నిబంధన మొదటి పేజీ తీసి, మేమెన్నడూ చదవకుంట దాటేసే పేర్లల్ల యూదా అన్న పేరు మీద వేలు పెట్టిండు.

"గీ యూదా వేరే. యేసయ్య తాతముత్తాతలల్ల ఒకడు. యూదులన్న మాట ఈయన పేరుకెల్లే వచ్చింది, యేసయ్య సుత యూదుడే గద."

బండెక్కినంక సంచంత తడిమి చూసిన. ఏదీ పోలే. గా తిట్టొక్కటే నా నోట్లకెల్లి పోయింది.